మహారాజశ్రీ కరచాలనం గారికి

మహారాజశ్రీ కరచాలనం గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మొదటి వాక్యంలోనే తమకు నమస్కారం పెట్టి అపచారం చేశానని తెలుసు. కాని మా వైపు ఉత్తరానికి ఇదే మర్యాద, పైగా ఇంత దూరం నుంచి చెయ్యి అందించడం నా వల్ల కాదు.

ఈ ఉత్తరానికి కారణం ఒక ఫోటో. డెన్మార్కులో స్థిరపడిన మా పెద్దమ్మ కొడుకు తనకు అక్కడి పౌరసత్వం వచ్చిన రోజున దాన్ని ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మెడలో పెద్ద గొలుసు వేసుకున్న మేయరమ్మ చేతిలో వాడి చెయ్యి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం మానేసి కెమెరా వంక చూస్తున్నారు. తొంభై దాటిన మా అమ్మమ్మ ఫోనును కళ్ళజోడుకు ఆనించుకుని చాలాసేపు చూసి, "వీడికి మళ్ళీ పెళ్ళేమిట్రా?" అని అడిగింది.

ఆవిడ తప్పేమీ లేదు. మా భాషలో తమ పరిస్థితి అంత బాగాలేదు. నలుగురి ఎదుట మగవాడు ఆడదాని చెయ్యి పట్టుకుంటే మేము దాన్ని పాణిగ్రహణం అంటాము, అక్షింతలు కూడా వేస్తాము. చెయ్యిచ్చాడు అంటే మోసం చేశాడని, చెయ్యి చేసుకున్నాడు అంటే కొట్టాడని, చెయ్యి తడిపాడు అంటే పని జరిపించుకున్నాడని అర్థం. ఇన్ని అనుమానాల మధ్య పెరిగినవాళ్ళం కనుక, తమరు ఒక దేశానికి ప్రవేశద్వారం అయ్యారని వినగానే కాస్త కంగారు పడ్డాము.

ఆ ద్వారం దాకా రావడమే ఒక తీర్థయాత్ర. సాధారణంగా తొమ్మిదేళ్ళ నివాసం ఉండాలి, డేనిష్ భాషలో గట్టెక్కాలి, దేశ చరిత్ర, సమాజాల మీద పెట్టే పరీక్ష రాయాలి, ఆ తరువాత పార్లమెంటు చేసే చట్టంలో మన పేరు అచ్చు కావాలి. ఇవన్నీ అయ్యాక, 2018 డిసెంబరులో చేసిన చట్టం పుణ్యమా అని 2019 జనవరి 1 నుంచి, పురపాలక సంఘం పెట్టే సభలో తమ దర్శనం తప్పనిసరి అయింది. చేతికి తొడుగు ఉండరాదు. అరచేతికి అరచెయ్యి తగలాలి. పరాయి స్త్రీపురుషులను తాకరాదని నమ్మే ముస్లింలకు, ఆ నియమం పాటించే సనాతన యూదులకు అక్కడ రెండే దారులు: చెయ్యి చాచడం, లేదా తొమ్మిదేళ్ళ కష్టాన్ని సభాప్రాంగణంలో వదిలేసి ఇంటికి పోవడం. ఈ తంతు నచ్చని మేయర్లు అక్కడే కొందరు పెదవి విరిచారు గాని, తమ వైభవానికి లోటు రాలేదు.

తమ ప్రతాపం ఒక్క డెన్మార్కుతో ఆగలేదు. 2016లో స్విట్జర్లాండులోని థెర్విల్ అనే ఊళ్ళో ఉపాధ్యాయురాలి చెయ్యి పట్టుకోబోమన్న ఇద్దరు సిరియా అన్నదమ్ముల వల్ల, ఆ ప్రాంత ప్రభుత్వం 5,000 ఫ్రాంకుల దాకా జరిమానా వేయవచ్చని తేల్చింది. ఫ్రాన్సులో ఒక అల్జీరియా స్త్రీ సభలో అధికారికి చెయ్యి ఇవ్వనన్నందుకు పౌరసత్వం నిరాకరించడం సబబేనని 2018లో అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం చెప్పింది. అన్నిటికంటె నన్ను ఆకట్టుకున్నది జర్మనీలో ఉన్న లెబనాన్ వైద్యుడి కథ. ఆయన అక్కడే చదివి వైద్యుడయ్యాడు, పౌరసత్వ పరీక్షలో అత్యధిక మార్కులు తెచ్చుకున్నాడు, రాజ్యాంగానికి విధేయుడినని సంతకం చేశాడు. 2015లో ధ్రువపత్రం ఇవ్వబోయిన అధికారిణికి మాత్రం, పరస్త్రీ చెయ్యి తాకనని భార్యకు మాట ఇచ్చానంటూ చెయ్యి ఇవ్వలేదు. ఆమె కాగితం వెనక్కి తీసుకుంది. ఈ తిరస్కారం జర్మన్ జీవన విధానంలో ఇమడకపోవడమేనని 2020లో మాన్‌హైమ్ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. ఏకపత్నీవ్రతుడికి ఊరూరా గుడి కట్టిన మాకు ఆ వాదన చప్పున ఎక్కదు.

అయితే తమకు ఒక పాత సంగతి గుర్తు చేయాలి. 17వ శతాబ్దపు ఇంగ్లాండులో పెద్దల ఎదుట టోపీ తీయం, వంగి దణ్ణం పెట్టం, దేవుడి ముందు అందరూ సమానమే అని మొండికేసిన క్వేకర్లు అనే చిన్న మతవర్గం ఉండేది. తమరు సామాన్యుల పలకరింపుగా వ్యాపించడంలో వాళ్ళ చెయ్యి ఉందని కొందరు చరిత్రకారులు చెబుతారు. 1670లో లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టులో వాళ్ళలో ఒకడైన విలియం పెన్‌ను విచారణకు తెచ్చినప్పుడు బంట్రోతులు ఆయన టోపీ తీసేస్తే, న్యాయపీఠం దాన్ని మళ్ళీ నెత్తిన పెట్టించి, టోపీతో కోర్టులో నిలబడ్డాడని 40 మార్కుల జరిమానా వేసింది. అంటే, తమరు కూడా ఒకప్పుడు మర్యాద తెలియని మైనారిటీ ఇంటి బిడ్డే. పెద్ద ఉద్యోగం వచ్చాక పుట్టిల్లు మరిచిపోవడం లోకంలో కొత్తేమీ కాదనుకోండి.

తమ పక్షాన ఒక న్యాయమైన మాట ఉంది, దాన్ని నేను దాచను. తాకకపోవడమంతా భక్తి కాదని మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. మా అమ్మమ్మ తడిచీరతో మడి కట్టుకుని వంటింట్లో ఉన్నప్పుడు "దూరం, దూరం" అంటుంటే మేము గుమ్మం దగ్గరే ఆగేవాళ్ళం, అది మాకు ఆటగా ఉండేది. కాని అదే ఊరి టీకొట్టులో కొందరికి విడిగా పెట్టిన గ్లాసు ఆట కాదు. అందుకని "ఆడవాళ్ళను తక్కువగా చూసి తాకడం లేదేమో" అన్న ఐరోపా వారి అనుమానం నాకు పరాయిదేమీ కాదు. అయినా మా రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసినప్పుడు, దాని వెంట వచ్చిన 1955 నాటి చట్టం నూతిని, గుడిని, హోటలును అందరికీ తెరవమన్నది, తెరవనివాడిని శిక్షిస్తానన్నది. ఎవరి చెయ్యీ పట్టుకుని ఫోటో దిగమనలేదు. స్వీడన్‌లో ఉద్యోగానికి వెళ్ళిన ఒక ముస్లిం యువతి, ఆడా మగా కలిసి ఉన్నచోట ఇద్దరికీ సమానంగా గుండె మీద చెయ్యి వేసుకుని పలకరించేది. ఆమెను ఇంటర్వ్యూ మధ్యలో పంపేసిన సంస్థ 40,000 క్రోనార్ల పరిహారం కట్టాలని 2018లో అక్కడి కార్మిక న్యాయస్థానం చెప్పింది. సమానత్వానికి తమరు తప్ప వేరే వేషం లేదని ఆ జడ్జీలు నమ్మలేదన్నమాట.

తమకు డెన్మార్కులో పట్టం కట్టిన మంత్రి ఇంగర్ స్టోయ్‌బెర్గ్ గారి సంగతి కూడా అడగాలనుకున్నాను. వలసల మీద యాభయ్యో ఆంక్ష పెట్టిన సందర్భాన 2017లో ఆవిడ కేకుతో ఫోటో పెట్టారు. శరణు కోరి వచ్చిన జంటల్లో ఒకరు మైనరైతే విచారణ లేకుండా విడదీయించినందుకు 2021 డిసెంబరులో అభిశంసన న్యాయస్థానం ఆవిడకు 60 రోజుల శిక్ష వేసింది. ఆ శిక్షను ఆవిడ కాలికి ఎలక్ట్రానిక్ కడియంతో ఇంట్లోనే అనుభవించారు. అందరి చేతులనూ కలిపించిన ఆవిడ, పెళ్ళాం మొగుళ్ళ చేతులను విడిపించినందుకు దొరికిపోయారు.

చివరగా 2020 మార్చి, కరోనా రోజులు. ప్రిన్స్ చార్లెస్ చాచబోయిన చెయ్యిని వెనక్కి తీసుకుని నమస్కారం పెట్టారు, ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రాన్ స్పెయిన్ రాజదంపతులకు చేతులు జోడించారు. డెన్మార్కులో మాత్రం చట్టం చట్టమే గనుక, తమరు లేనిదే పౌరసత్వం లేదు గనుక, సభలనే వాయిదా వేశారు. భాష నేర్చి, పరీక్షలు గట్టెక్కి, చట్టంలో పేరెక్కినవాళ్ళందరూ ఇళ్ళలో కూర్చుని, ప్రభుత్వం చెప్పినట్టే, సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడుక్కున్నారు.

ఇట్లు,
రెండు చేతులూ ఖాళీ లేని,
తమ విధేయుడు