కొత్త క్రెటా ధరకే పాత బెంజ్: ఆ లెక్కలో వదిలేసిన ఖర్చులు

"కొత్త క్రెటాకు పెట్టే పద్దెనిమిది లక్షలతో ఎనిమిది, పదేళ్ల నాటి బీఎండబ్ల్యూ 5 సిరీస్ గానీ బెంజ్ ఇ-క్లాస్ గానీ వస్తుంది, తెలివైనవాడు అదే కొంటాడు" అన్న సలహా కొంతకాలంగా వాట్సాప్ గ్రూపుల్లోనూ పాత కార్ల వ్యాపారుల వీడియోల్లోనూ విపరీతంగా తిరుగుతోంది. దానికి చెప్పే కారణాలు ఐదు. జర్మన్ ఇంజనీరింగ్ గట్టిది కనుక మూడు లక్షల కిలోమీటర్ల దాకా ఢోకా లేదు. ఏడాదికి పాతిక, ముప్పై వేలు సర్వీసుకు పెడితే చాలు. విలువ తరుగుదలను మొదటి యజమానే భరించేశాడు. షోరూమ్ మానేసి బయటి షెడ్డుకు వెళితే సగానికి సగం ఆదా. ఢిల్లీ బండి తెచ్చుకుంటే మరో రెండు మూడు లక్షలు మిగులుతాయి. వీటిలో ఏ ఒక్కటీ పచ్చి అబద్ధం కాదు. ప్రతిదానిలోనూ కొంత నిజం ఉండబట్టే చదివినవాళ్లు నమ్ముతున్నారు.

ముందుగా ఇంజనీరింగ్ మాట. జర్మన్ కార్ల దీర్ఘాయువుకు సాక్ష్యంగా తరచూ చెప్పేది గ్రీస్ టాక్సీ కథ. 1976 నాటి బెంజ్ 240డి ఒకటి 46 లక్షల కిలోమీటర్లు తిరిగి, 2004లో కంపెనీ మ్యూజియానికి చేరింది. కథ నిజమే గానీ, ఆ యజమాని అన్ని కిలోమీటర్లూ ఒక్క ఇంజన్‌తో నడపలేదు, మార్చి మార్చి వాడుకున్నాడు. పైగా ఆ కారులో టర్బో లేదు, ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ లేదు, పొగలోని మసిని పట్టే ఫిల్టర్ లేదు. నేడు సెకండ్ హ్యాండ్ మార్కెట్లో దొరికే ఇ-క్లాస్‌కూ దానికీ ఉన్న చుట్టరికం బానెట్ మీది నక్షత్రం వరకే.

దగ్గరి ఉదాహరణలే చూద్దాం. మన దేశంలో 320డి, 520డి కార్లలో బాగా అమ్ముడైన, 2007లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజన్‌లో టైమింగ్ చైన్‌ను, అంటే వాల్వులు వేళకు తెరుచుకునేలా ఇంజన్‌ను నడిపే గొలుసును, ముందువైపు కాక వెనక, గేర్‌బాక్స్ వైపు అమర్చారు. మొదటి నాలుగైదేళ్లలో తయారైన ఇంజన్లలో ఆ చైన్, దాని గైడ్లు ముందుగానే అరిగిపోయాయన్నది ప్రపంచమంతా తెలిసిన విషయం. చైన్ వెల ఎంతైనా, దాన్ని చేరుకోవాలంటే గేర్‌బాక్సో ఇంజనో కిందికి దించాలి కనుక అసలు బిల్లు కూలీ రూపంలో వస్తుంది. మార్చకముందే తెగిపోతే ఇంజనే పోతుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలోని ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ సంగతీ ఇలాంటిదే. వేడి, ఉక్క ఉన్న దేశాల్లో దాని ఎలక్ట్రానిక్ భాగం షార్ట్ అవుతోందని, సింథటిక్ ఆయిల్ తీసేసి మినరల్ ఆయిల్ పోయడానికి 2013 చివరలో ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల కార్లను కంపెనీయే వెనక్కి పిలిచింది.

అలాగని జర్మన్ కార్లన్నీ ఇంతే అనడమూ న్యాయం కాదు. అమెరికాలోని కన్జూమర్ రిపోర్ట్స్ అనే వినియోగదారుల సంస్థ సర్వే చేసి 2022 చివర ప్రకటించిన నమ్మకమైన కార్ల కంపెనీల జాబితాలో టొయోటా, లెక్సస్ తర్వాత మూడో స్థానం బీఎండబ్ల్యూది; అదే జాబితాలో బెంజ్ అట్టడుగున ఉంది. రెండూ జర్మన్ కంపెనీలే. టొయోటా 2019లో తెచ్చిన సుప్రా కారులోని ఆరు సిలిండర్ల ఇంజన్ బీఎండబ్ల్యూ తయారుచేసినదే. అంటే నమ్మకం దేశాన్ని బట్టి కాదు, ఇంజన్‌ను, గేర్‌బాక్స్‌ను, తయారైన సంవత్సరాన్ని బట్టి ఉంటుంది. అయితే ఆ సర్వే అమెరికాలోని ఇటీవలి కార్ల గురించినది. దాన్ని చూపించి హైదరాబాద్‌లో పదేళ్ల డీజిల్ కారు అమ్మజూపడం సరైన వాదన కాదు.

రెండో కారణం, అంటే పాతిక వేల సర్వీసు, అన్నిటికంటే ఎక్కువ మందిని ముంచుతున్నది. ఆ మొత్తానికి ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, పైపై తనిఖీ నిజంగానే జరిగిపోతాయి. కానీ ఎనిమిదేళ్లు దాటిన కారుకు అయ్యే ఖర్చులో అది చిన్న వాటా. పంక్చరైనా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లున్న బీఎండబ్ల్యూల్లో చాలావాటికి స్టెప్నీ ఉండదు, ఒక్కో టైరు ఇరవై వేలకు పైమాటే, మార్చేటప్పుడు కనీసం జతగా మార్చాలి. బ్రేక్ ప్యాడ్లతో పాటు అరుగుదల చెప్పే సెన్సర్ కూడా మార్చాలి, చాలాసార్లు డిస్కులు కూడా. బ్యాటరీ కొత్తది వేస్తే సరిపోదు, కొత్తది వేశామని కారు కంప్యూటర్‌లో నమోదు చేయించాలి. లేకపోతే ఛార్జింగ్ పాత బ్యాటరీ లెక్కలోనే సాగి కొత్తది కూడా త్వరగా పాడవుతుంది. స్ప్రింగులకు బదులు గాలితో బండిని మోసే ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బెంజ్‌లో ఒక మూల కుంగిపోయిందంటే ఆ ఒక్క స్ట్రట్‌కే లక్ష దాటడం మామూలు.

గేర్‌బాక్స్ ఆయిల్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే "జీవితాంతం మార్చనక్కర్లేదు" అన్న మాటను ఈ వీడియోలు గొప్పగా చెబుతాయి. 5 సిరీస్ లాంటి బీఎండబ్ల్యూల్లో కనిపించే ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌ను తయారుచేసేది జడ్‌ఎఫ్ అనే మరో జర్మన్ కంపెనీ. ఆ కంపెనీ మాత్రం 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య గానీ ఎనిమిదేళ్లకు గానీ ఆయిల్ మార్చమనే చెబుతోంది. మార్చడం కూడా అంత తేలిక కాదు. చాలావాటిలో ఫిల్టర్ ప్లాస్టిక్ ఆయిల్ పాన్‌లోనే కలిసిపోయి ఉంటుంది కనుక పాన్ మొత్తాన్నీ మార్చాలి. ఇంజన్ ఆన్‌లో ఉంచి, గేర్‌బాక్స్ ఆయిల్ నిర్ణీత వేడిలో ఉన్నప్పుడు, పక్కనున్న నింపే రంధ్రం నుంచి ఆయిల్ సన్నగా పొర్లేదాకా పోసి మట్టం సరిచూడాలి. కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ లేని చోట ఈ పని అంచనా మీద సాగుతుంది. ఆ తర్వాత గేర్లు జెర్కులిస్తే నింద గేర్‌బాక్స్ మీద పడుతుంది.

విలువ తరుగుదలను మొదటి యజమాని భరించాడన్నది నిజం. అయితే తరిగింది కారు ధర మాత్రమే. యాభై లక్షల కారు పదిహేను లక్షలకు దిగివచ్చినా, దాని హెడ్‌లైట్, దాని ఇంజెక్టర్, దాని టర్బో యాభై లక్షల కారువిగానే ఉంటాయి. ఈ అంతరం బాగా బయటపడేది బీమాలో. మన మోటారు బీమా నిబంధనల ప్రకారం మరమ్మతులో మార్చే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో సగం యజమానే పెట్టుకోవాలి. ఐదు నుంచి పదేళ్ల బండికి లోహపు భాగాల్లో 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం యజమాని వంతు. జీరో డెప్ పాలసీ ఉంటే ఈ కోత ఉండదు గానీ, అంత పాత కారుకు దాన్ని అన్ని కంపెనీలూ ఇవ్వవు. అంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. మరమ్మతు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే బండిని పూర్తి నష్టం కింద లెక్కగడతారు. ఐడీవీ పన్నెండు లక్షలు, భాగాల ధరలు కొత్త కారువి అయినప్పుడు, రెండు హెడ్‌లైట్లు, బంపర్, రేడియేటర్, నాలుగు ఎయిర్‌బ్యాగులు పోయిన ఒక మోస్తరు ప్రమాదం ఆ గీతకు చేరువవుతుంది. అదే దెబ్బ క్రెటాకు తగిలితే బాగుచేయించుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు.

ఇక్కడ ఒక మినహాయింపు. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియా లాంటి కార్ల భాగాల్లో అత్యధికం మన దేశంలోనే తయారవుతున్నాయి. వాటి ఖర్చును బెంజ్ ఖర్చుతో కలిపి "జర్మన్ కార్లంటే ఇంతే" అని భయపెట్టేవాళ్ల వాదన కూడా నిలబడదు.

బయటి షెడ్డు సలహాలో నిజం పాలు ఎక్కువే. షాక్ అబ్జార్బర్ మీద సాక్స్ అని, సస్పెన్షన్ ఆర్మ్‌ల మీద లెమ్‌ఫోర్డర్ అని ముద్ర ఉంటే అవి జడ్‌ఎఫ్ బ్రాండ్లే. కార్ల కంపెనీలకు భాగాలు సరఫరా చేసే పేర్లే అవి. కంపెనీ డబ్బాలో కాక వాటి సొంత డబ్బాలో కొంటే ధర బాగా తగ్గుతుంది. విడిభాగాలను, కారులోని లోపాలు కనిపెట్టే పరికరాలను బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని భారత కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆ పద్నాలుగింటిలో బీఎండబ్ల్యూ, బెంజ్, ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలతో పాటు మారుతి, టొయోటా, హోండా, టాటా, మహీంద్రా కూడా ఉన్నాయి కనుక దీన్ని జర్మన్ల దోపిడీగా మాత్రమే చెప్పుకోవడం పొరపాటు. తేడా ఏమిటంటే, మారుతి తెలిసిన మెకానిక్ ప్రతి మండలంలోనూ దొరుకుతాడు. బీఎండబ్ల్యూలోని ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌ను కోడింగ్ చేయగలవాడు హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల కొద్దిమందే. ఖమ్మంలోనో కడపలోనో ఉండేవాడు షెడ్డు ఆదాలోంచి ఫ్లాట్‌బెడ్ ట్రక్కు కిరాయిని తీసేసి చూసుకోవాలి.

ఇక ఢిల్లీ బండి. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు అక్కడ తిరగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఎనిమిది, తొమ్మిదేళ్ల డీజిల్ కార్లు అక్కడ చవకగా దొరుకుతూ రావడానికి ఇదే ప్రధాన కారణం; 2025లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని చాలావరకు సడలించింది. అయితే వేరే రాష్ట్రపు బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచుకుంటే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఎన్‌వోసీతో మళ్లీ రిజిస్టర్ చేయించాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ పన్నుకు ఆధారం మనం బేరమాడిన ధర కాదు, కారు కొత్తప్పటి ధర. వయసును బట్టి శాతం తగ్గుతుందంతే. ఇదంతా కలిపాక మిగులుతుందన్న రెండు మూడు లక్షల్లో ఎంత నిలుస్తుందో ముందే ఆర్‌టీఏలో కనుక్కోవడం మేలు.

మీటరు మాట కూడా ఉంది. బీఎండబ్ల్యూల్లో తిరిగిన కిలోమీటర్లు డ్యాష్‌బోర్డులోనే కాక మరికొన్ని మాడ్యూళ్లలోనూ, ఆ కాలపు కార్లయితే తాళంచెవిలో కూడా నమోదవుతాయి. మీటరు వెనక్కి తిప్పేవాళ్లు వాటన్నిటినీ మార్చకుండా వదిలేయడం తరచూ జరిగేదే. అడ్వాన్సు ఇవ్వకముందే స్కానర్ ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి, రాత్రంతా చల్లబడిన ఇంజన్‌ను ఉదయాన్నే మన ఎదుటే స్టార్ట్ చేయించి, వెనకవైపు నుంచి గొలుసు రాపిడి లాంటి చప్పుడు వస్తోందేమో వినాలి. ఆ తర్వాత మీటరులోని అంకెనూ మాడ్యూళ్లలోని అంకెనూ పక్కపక్కన పెట్టి చూడాలి. బండిని మనం వెళ్లకముందే స్టార్ట్ చేసి వేడిగా ఉంచినా, స్కానర్ పెట్టడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోయినా, బేరాన్ని అక్కడే ఆపేయవచ్చు.