మహారాజశ్రీ పీఎన్‌ఎల్ గడి గారికి

ట్రేడింగ్ స్క్రీన్ పైమూల లాభనష్టాల అంకెగా కొలువుదీరి క్షణానికో రంగు మార్చే తమరి దివ్యసముఖానికి, ట్రేడింగ్‌లో డబ్బు బాగానే చేసుకుని, ఆపైన ఏం చేయాలో తోచక కూర్చున్న మేమంతా నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. తమరు కుశలమేనని ఆ ఆకుపచ్చ చూస్తేనే తెలుస్తోంది. ఇవతలి పక్షం సంగతి విన్నవించుకోవడానికే ఈ ఉత్తరం.

నష్టపోయినవాళ్లు తమరిని తిట్టుకుంటారు, అందులో వింతేం లేదు. మేం ఆ బాపతు కాదు. పద్ధతి కుదిరింది, ఖాతా ఏటా పెరుగుతోంది, అప్పుల్లేవు. అయినా మార్కెట్ తెరిచే వేళకి కుర్చీలో కూర్చోబుద్ధి కాదు, మూసే వేళకి లేవబుద్ధి కాదు. ఇదేం రోగమని ఆరా తీస్తే దారులన్నీ తమరి గడప దగ్గరే ఆగాయి.

ముందు లెక్క చూద్దాం, తమరికి లెక్కలంటే ప్రీతి కదా. ఏడాదికి సగటున 20 శాతం రాబడి, 16 శాతం ఒడిదొడుకు ఉన్న పద్ధతిని తీసుకోండి. చాలామంది కళ్లకద్దుకునే పద్ధతే. ఏడాదికోసారి తమరి దర్శనం చేసుకుంటే 100కి 89 సార్లు లాభం కనబడుతుంది. నెలకోసారి చేసుకుంటే 64 సార్లు. రోజూ చేసుకుంటే 53. నిమిషానికోసారి అయితే బొమ్మా బొరుసే. పద్ధతి అదే, డబ్బూ అంతే. మారిందల్లా మేం మెడ తిప్పిన లెక్క.

ఇక అసలు దెబ్బ. నష్టం నొప్పి లాభం సంతోషం కంటే బరువని కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో చెప్పారు. ఆ బరువు సుమారు 2.25 రెట్లని 1992లో వాళ్లే అంచనా కట్టారు. ఏడాదికి 250 ట్రేడింగ్ రోజుల్లో 133 పచ్చవి, 117 ఎర్రవి అనుకుందాం. రోజుకో మార్కు వేస్తే సంతోషానికి 133. నొప్పికి 117ను 2.25తో హెచ్చిస్తే 263. బ్యాంకు ఖాతాలో 20 శాతం ఎక్కువ, మనసు ఖాతాలో 130 మార్కుల లోటు. గెలిచినవాడి చేత ఏడాది పొడుగునా ఓడినవాడి బతుకు బతికించడం సామాన్యమైన విద్య కాదు. తమరికి శతకోటి దండాలు.

రెండో విద్య ఇంతకంటే సున్నితమైనది. పద్ధతి కుదిరాక ట్రేడింగ్‌లో చేయడానికి పెద్దగా పనుండదు. ఈ ముక్క కొత్తవాళ్లకి ఎవరూ చెప్పరు, చెబితే ఎవరూ రారు. సెటప్ (పద్ధతి చెప్పిన అవకాశం) వస్తే ఆర్డర్, రాకపోతే కూర్చోవడం. అలర్ట్ పెట్టేశాం, అది మోగదు. కర్సర్ మాత్రం బై బటన్ మీద ఈగలా వాలి లేస్తూ ఉంటుంది. ఆఖరికి మామూలు సైజులో సగం, 'ఊరికే చూద్దాం' అంటూ ఒక ఎంట్రీ. దాని స్టాప్‌లాస్, అంటే నష్టం పెరగకుండా బయటపడే ధర, చార్ట్ చెప్పిన చోట ఉండదు, నోటికి తిరిగిన గుండు అంకె దగ్గర ఉంటుంది. ట్రేడులు రాసుకునే జర్నల్‌లో 'కారణం' అన్న చోట ఒకే మాట: 'ఫీల్'.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. మా వృత్తిలో కూర్చోలేక కరుగుతాయి.

ఎంత కరుగుతాయో చూడండి. ఒక ట్రేడ్‌లో పణంగా పెట్టేదాన్ని ఒక ఆర్ అంటాం. 40 శాతం ట్రేడులు గెలిచి, గెలిచినప్పుడు 2 ఆర్ వచ్చి, ఓడినప్పుడు 1 ఆర్ పోతే, సగటున ట్రేడ్‌కి 0.2 ఆర్ మిగులుతుంది. నెలకి 10 ట్రేడులైతే 2 ఆర్. పక్కన తోచక వేసినవి 8. వాటికి ఎడ్జ్ (సగటున గెలిపించే మొగ్గు) ఉండదు, బ్రోకరేజీ, స్లిప్పేజ్ (అనుకున్న ధరకీ దొరికిన ధరకీ తేడా) మాత్రం ఉంటాయి. ఒక్కోటి 0.15 ఆర్ తిన్నా 1.2 ఆర్ పోయింది. మిగిలింది 0.8. తమరు దాన్ని కూడా చక్కగా ఆకుపచ్చలోనే చూపిస్తారు! నెల లాభంతో ముగిసింది కాబట్టి అందులో 60 శాతం ఎటు పోయిందని అడిగే నాథుడే లేడు. బార్బర్, ఓడీన్ అనే అమెరికా ఆర్థిక పరిశోధకులు 1991 నుంచి 1996 దాకా 66,465 కుటుంబాల ఖాతాలు తిరగేస్తే, అందరికంటే ఎక్కువ ట్రేడ్ చేసినవాళ్లకి ఏడాదికి 11.4 శాతం దక్కింది. అదే కాలంలో మార్కెట్ ఇచ్చింది 17.9.

అందుకని జర్నల్‌లో కొత్తగా ఒక కాలమ్ తెరిచాం. అందులో రెండే మాటలు: 'ప్లాన్', 'తోచక'. ఆర్డర్ కొట్టకముందే రాయాలి. తర్వాత రాస్తే గెలిచిన 'తోచక' అంతా రాత్రికి రాత్రే 'ప్లాన్' అయిపోతుంది, ఈ సంగతి తమరికంటే ఎవరికి బాగా తెలుసు? నెలాఖరున రెండు మొత్తాలూ విడివిడిగా వేస్తాం. చేతి దురద బొత్తిగా ఆగనివాళ్లకి క్యాపిటల్‌లో 2 శాతంతో వేరే ఖాతా. అది ఖాళీ అయితే మూడు నెలల దాకా నింపేది లేదు.

మూడోది చెప్పడానికి కాస్త సిగ్గుగా ఉంది. ఒకప్పుడు మేం ఈ పనిని ఇష్టపడేవాళ్లం. ఫలానా కదలిక ఎందుకు వచ్చిందో తేలేదాకా చార్ట్ వదిలేవాళ్లం కాదు. ఎడ్వర్డ్ డెసి అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో ఒక ప్రయోగం ప్రచురించాడు. విద్యార్థులకి ముక్కలు పేర్చే పజిల్ ఇచ్చాడు, మొదటి విడత ఊరికే. రెండో విడతలో కొందరికి ఒక్కో పజిల్‌కి ఒక డాలర్. మూడో విడతలో డబ్బు ఆపేసి, ఖాళీ సమయంలో ఎంతసేపు ఆడతారో చూశాడు. డబ్బు రుచి మరిగినవాళ్లు మునుపటికంటే తక్కువసేపు ఆ ముక్కలు ముట్టుకున్నారు. వాళ్లకి కూలి ఇచ్చింది ఒక్క విడతే. తమరు మాకు ధర కదిలిన ప్రతి టిక్కుకీ ఇస్తున్నారు, లెక్క చూపించి మరీ.

పని రుచి పోయాక మిగిలిన మందు ఒకటే, సైజు పెంచడం. ఒక్కో ట్రేడ్‌లో ఖాతాలో 1 శాతం రిస్క్‌తో గుండె కొట్టుకోవడం మానేసింది కాబట్టి 4 శాతం. 40 శాతమే గెలిచే పద్ధతికి 400 ట్రేడుల్లో ఒక్కసారైనా వరసగా 10 నష్టాలు తగిలే అవకాశం సగానికి పైనే. 1 శాతం దగ్గర అలా తగిలితే డ్రాడౌన్ (ఖాతా శిఖరం నుంచి పడిన పతనం) 9.6 శాతం, తేరుకోవడానికి 10.6 శాతం చాలు. 4 శాతం దగ్గర తగిలితే మూడో వంతు పోతుంది, తేరుకోవడానికి 50 శాతం కావాలి. జెస్సీ లివర్‌మోర్ అనే పేరుమోసిన అమెరికా ట్రేడర్ 1929 మార్కెట్ పతనంలో దాదాపు 10 కోట్ల డాలర్లు గడించాడని చెబుతారు. 1934లో దివాలా పిటిషన్ వేశాడు. తమరి దర్బారులో అంతటి భక్తుడికే ఆ గతి పట్టింది.

'ఎంత?' అని అడిగితే తమరు పైసలతో సహా చెబుతారు. 'ఎంత చాలు?' అని అడిగితే మాత్రం మిన్నకుంటారు. అది తమరి తప్పు కాదు లెండి, అంత చోటు ఆ గడిలో లేదు. ఏడాది ఖర్చుకి 25 రెట్లు పక్కన పెడితే అందులోంచి మొదటి ఏడాది 4 శాతం, ఆపైన ధరల పెరుగుదలకి తగ్గట్టు పెంచి తీసుకుంటూ 30 ఏళ్లు గడపవచ్చని విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో అమెరికా గణాంకాలతో లెక్క వేశాడు. మా కాలం అంతకంటే పొడుగు, మా ఖర్చు మీద మాకు నమ్మకమూ తక్కువ, కాబట్టి 33 రెట్లు అనుకున్నాం. ఆ మొత్తం తమరి చూపు పడని ఖాతాకి వెళ్తుంది, ట్రేడింగ్‌కి తిరిగి రాదు. ఇందులోనూ ఒక చిక్కుంది. భయంతో ట్రేడ్ చేసేవాడికి భయం పోగానే క్రమశిక్షణా దాంతోపాటే పోతుంది. అలాంటివాళ్లు ఆ డబ్బు పక్కన పెట్టిన మొదటి మూడు నెలలూ సైజు సగానికి తగ్గించుకోవాలి.

ఖాళీ అయిన చోటికి అర్థాన్ని కోర్సులు అమ్మి తెచ్చుకుందామని మాలో కొందరు బయల్దేరారు. అది ఇంకో పీఎన్‌ఎల్, తమరి తమ్ముడే. ట్రేడింగ్‌లో కోట్లకి కోట్ల డాలర్లు గడించిన గణితజ్ఞుడు జిమ్ సైమన్స్ అంతటివాడు 1994లో భార్యతో కలిసి గణితానికీ మూల విజ్ఞానానికీ ఫౌండేషన్ పెట్టాడు, పెద్ద వయసులో తనూ గణితంలోకి తిరిగి వెళ్లాడు. మాకు అంత గణితం రాదు. వారంలో ఒకరోజు పొజిషన్ (తెరిచి ఉన్న ట్రేడ్) ఏదీ లేకుండా, జవాబు తెలియని ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చుంటాం. నేర్చుకుంటున్న ఒకరి జర్నల్ నెలకి రెండుసార్లు చదివి, ఎక్కడ తడబడ్డారో ఉచితంగా చెబుతాం. ఈ రెండు పనుల్లోనూ టిక్కు లేదు. మొదట్లో అదే మహా చిరాకు.

కాబట్టి తమరికి తెలియజేయునది: వచ్చే సోమవారం నుంచి తమరి కొలువు రద్దు. టెర్మినల్‌లో ఆ కాలమ్ తీసేస్తాం, తీయడానికి వీల్లేకపోతే కాగితం అంటిస్తాం. ఎంట్రీ ధర, క్వాంటిటీ కనబడితే మనసులోనే గుణించేసే ఘటికులం కనుక అవీ దాచేసి, స్టాప్‌కీ టార్గెట్‌కీ దూరం మాత్రం ఆర్‌లలో ఉంచుతాం. ఫోన్‌లోంచి యాప్ పోతుంది, అత్యవసరంగా పొజిషన్ మూయించడానికి బ్రోకర్ నంబర్ ఉంటుంది. కళ్లు మూసుకున్నంత మాత్రాన రిస్క్ మూసుకోదు కాబట్టి రోజుకి 3 ఆర్ పోతే ట్రేడింగ్ ఆగిపోయే లిమిట్ బ్రోకర్ దగ్గరే పెట్టిస్తాం. తమరి దర్శనం నెలలో ఆఖరి ట్రేడింగ్ రోజున, మార్కెట్ మూశాక.

ఈలోగా ప్రతి ట్రేడ్‌కీ నాలుగు మార్కులు: ఎంట్రీ నియమం ప్రకారమేనా, సైజు సరైనదేనా, స్టాప్ కదపకుండా ఉన్నామా, ఎగ్జిట్ ముందు రాసుకున్నదేనా. నాలుగుకి నాలుగు తెచ్చుకుని నష్టపోయిన ట్రేడ్‌ని మాట అనం. ఒక్క మార్కుతో లాభం తెచ్చిన ట్రేడ్‌ని మాత్రం ఎర్ర సిరాతో చుట్టి ఉంచుతాం, రేపు మమ్మల్ని ముంచేది అదే కనుక.

ఇట్లు,
తమరి మాజీ భక్తబృందం

తా.క.: కాగితం అంచుల్లోంచి పచ్చ వెలుగు కారుతోందని ఫిర్యాదులు అందాయి. సెట్టింగ్స్‌లో లాభానికీ నష్టానికీ కలిపి ఒకటే బూడిద రంగు పెట్టేశాం. తమరికి అభ్యంతరాలేమైనా ఉంటే నెలాఖరున, మార్కెట్ మూశాక వింటాం.