ఆమ్లం లేని జ్ఞాపకాలు

హైదరాబాదులో ఒక కుటుంబం సుఖంగా ఉన్నదీ లేనిదీ ఇకమీదట ఫొటోలు, గుర్తులు అంటించి దాచుకునే స్క్రాప్‌బుక్కు చూసే తేల్చాలి. ఒకప్పుడు సొంత ఇల్లుందా అని అడిగేవారు. ఆ తరవాత పిల్లలు ఏ దేశంలో ఉన్నారని అడిగారు. ఇప్పుడు ఎవరూ ఏమీ అడగనక్కరలేదు. భోజనాలయ్యాక సోఫా పక్కనుంచి చేత్తో కుట్టిన లావుపాటి పుస్తకం ఒకటి దానంతటదే బయటికి వస్తుంది. "మేమే చేసుకున్నాం" అంటారు. అతిథి చేతులు తుడుచుకుని, పేజీకి ఒక "అబ్బ" చొప్పున సమర్పించుకుంటూ చివరిదాకా తిప్పాలి. మధ్యలో పూసలు రాలితే ఏరి ఇవ్వాలి.

ఈ ఉద్యమానికి నేను పూర్తి మద్దతు ప్రకటిస్తున్నాను. ఫోనులో వేల ఫొటోలుండగా ఈ కత్తిరింపులూ అంటింపులూ ఎందుకని కొందరు ఛాందసులు గొణుగుతున్నారు. ఫోనులో ఉన్నవేమిటో వాళ్లే ఒకసారి తెరిచి చూసుకోవాలి. కారు ఎక్కడ నిలిపామో గుర్తు కోసం తీసిన స్తంభాలు, మందుల చీటీలు, కులదైవాల సాక్షిగా వచ్చిపడిన శుభోదయాలు. వాటి మధ్య పసిబిడ్డ మొదటి నవ్వు ఎక్కడో ఉండే ఉంటుంది. వెతికే ఓపిక ఆ బిడ్డకే రావాలి.

కాబట్టి జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు శనివారాలు పుస్తకం కుట్టడం నేర్చుకునేవాళ్లు పెరిగారు. వారమంతా కోడు రాసి అలసిన వేళ్లు అక్కడ దబ్బనం పడతాయి. కాగితాలు మడిచి ఒకదానిలో ఒకటి దూర్చి ఫారాలు చేయడం, మడత మీద నున్నటి ఎముక చెక్కతో ఒత్తడం, దారానికి మైనం రాయడం ముందుగా వస్తాయి. అన్నిటికన్నా గంభీరమైన విద్య కాగితంలో నార వాటం పట్టడం. కాగితాన్ని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి మెల్లగా వంచి చూడాలి. ఎటు మడత సులువుగా పడితే నార ఆ మడత గీత వెంబడి ఉన్నట్టు. ఆ నార పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉండాలి. లేకపోతే జిగురు తడి తగలగానే అట్ట వంకర తిరుగుతుంది, పేజీలు ఉబ్బుతాయి. ఈ జ్ఞానం కలిగిన మనిషి ఇంటికి వచ్చి కనబడ్డ ప్రతి కాగితాన్నీ వంచుతాడు. కరెంటు బిల్లును వంచుతాడు, పెళ్లి పత్రికను వంచుతాడు, మామగారి రక్తపరీక్ష నివేదికను వంచి "ఇది అడ్డ నార" అని పెదవి విరుస్తాడు. అందులో చక్కెర ఎంతుందో మాత్రం చూడడు.

కుట్లలో అందరికీ ప్రీతిపాత్రమైనది కాప్టిక్ కుట్టు. ఈజిప్టులోని తొలి క్రైస్తవులు వాడిన పద్ధతి ఇది. వెన్ను మీద ఏ మూతా వేయకుండా గొలుసు కుట్టు బయటికి కనిపించేలా వదిలేస్తారు. ఎక్కడ తెరిచినా పుస్తకం బల్ల మీద పూర్తిగా పరుచుకుంటుంది. ఎడారి మఠాల్లో ధర్మగ్రంథాలు కుట్టుకున్న ఆ కుట్టుతో మనవాళ్లు గోవా యాత్రను కుడుతున్నారు. యాత్ర యాత్రే కదా.

ఉత్సాహం ఆపుకోలేని మిత్రుడొకడు తాను కుట్టిన పుస్తకం పట్టుకుని కోఠీ వైపు ఒక సందులోని బైండింగు దుకాణానికి వెళ్లాడు. వృత్తిలో ఉన్నవాళ్ల మెప్పు పొందాలని అతని కోరిక. అక్కడ ఒక పెద్దాయన మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపిన లై డబ్బా పక్కన పెట్టుకుని, పరిశోధక విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలకు రెక్సిన్ అతికిస్తున్నాడు. చేతిలోని పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"థీసిసా సార్?"

"కాదండీ. జ్ఞాపకాల పుస్తకం."

"ఎన్ని కాపీలు?"

"ఒక్కటే."

"మరి వెన్ను మూయకుండా ఇచ్చేశారేమిటి? ఎవరు చేశారు సార్ ఈ పని?"

"అది అలాగే ఉండాలండీ. ఈజిప్టు పద్ధతి."

పెద్దాయన జాలిగా చూసి, "ఇక్కడ పెట్టి వెళ్లండి సార్. సాయంత్రానికల్లా మూసేస్తాను, కాలికో గుడ్డ వేస్తాను. మీకు కాబట్టి డబ్బు తరవాత చూసుకుందాం" అన్నాడు.

మిత్రుడు పుస్తకాన్ని గుండెకు హత్తుకుని బయటపడ్డాడు. రెండుచోట్లా దబ్బనం ఒకటే, దారం ఒకటే, పొడుచుకుంటే వచ్చే రక్తమూ ఒకటే. దుకాణంలో పని నేర్చుకునే కుర్రాడికి డబ్బిస్తారు, తరగతిలో నేర్చుకునేవాడే డబ్బు కడతాడు. అందుకే మొదటిది కూలి అయింది, రెండోది కళ అయింది. బేగంబజారులో ఎర్రగుడ్డ అట్టతో, తెల్లదారం కుట్టుతో దొరికే పద్దుల పుస్తకానిదీ అదే గతి. దీపావళికి దానికి పూజ చేస్తారు గాని, చూసి "అబ్బ" అన్నవాడు లేడు. అందులో పేరున్నవాడు అసలే అనడు.

ఇక ఆమ్లం సంగతి. స్క్రాప్‌బుక్కు సంప్రదాయంలో దీన్ని మించిన మహాపాతకం లేదు. ఇందులో శాస్త్రం ఉంది, కాదనను. గుడ్డపీలికల గుజ్జుతో చేసిన పాతకాలపు కాగితం వందల ఏళ్లు నిలిచింది. 19వ శతాబ్దంలో సిరా పాకకుండా కాగితానికి పటిక, పైను చెట్ల జిగురు పట్టించడం మొదలైంది. ఆ తరవాత గుడ్డ పోయి చెక్క గుజ్జు వచ్చింది. పటిక కాలక్రమాన ఆమ్లమై కాగితాన్ని పెళుసు చేస్తుంది. చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థం వెలుతురు తగిలితే పసుపెక్కుతుంది. నిన్నటి దినపత్రికను ఎండలో వదిలేస్తే సాయంత్రానికే సంగతి తెలుస్తుంది. అందుకని మనవాళ్లు ఆమ్లం లేని కాగితం, ఆమ్లం లేని జిగురు, ఆమ్లం లేని కలం ఆర్డరు పెట్టి తెప్పించుకుంటారు. మనవలు, మునిమనవలు చూడాలి కదా.

అంత కష్టపడి తెచ్చిన కాగితం మరీ కొత్తగా కనిపిస్తుంది. జ్ఞాపకం అన్నాక పాతగా ఉండాలి. అందుకని దాన్ని టీలో ముంచుతారు. నగరమేమో ఇరానీ చాయ్‌కి ప్రసిద్ధి. కానీ అది ఇక్కడ పనికిరాదు, అందులోని పాలకు రెండో రోజుకే వాసన, మూడో రోజుకు చీమలు. పాలు లేని డికాక్షను ప్రత్యేకంగా కాచి, పళ్లెంలో పోసి, కాగితాన్ని ముంచి, బాల్కనీలో క్లిప్పులు పెట్టి ఆరేస్తారు. గోధుమరంగు మరకలతో నిజాం కాలంనాటి ఫర్మానాలాగా తయారవుతుంది. టీలో ఉన్నది మళ్లీ ఆమ్లమే. రెట్టింపు ధర పెట్టి ఆమ్లం లేని కాగితం కొని, సొంత గ్యాసు ఖర్చుతో ఆమ్లం ఎక్కించుకునే స్థోమత ఈ నగరానికి వచ్చినందుకు గర్వించాలి.

అంచులకు వాషి టేపు అనే రంగురంగుల జపాను కాగితపు టేపు అతికిస్తారు. దానికి పేరు తెచ్చిన జపాను కంపెనీ 1923లో ఈగల్ని పట్టే జిగురు కాగితాలతో వ్యాపారం మొదలుపెట్టింది. ఎగిరిపోయేదాన్ని కాగితానికి అంటించి పట్టుకోవడంలో వాళ్ల అనుభవం సామాన్యమైనది కాదు. అమెరికా రచయిత మార్క్ ట్వేన్ 1873లోనే ముందుగా జిగురు పూసిన పేజీల స్క్రాప్‌బుక్కుకు పేటెంటు తీసుకున్నాడు. రాసే పుస్తకాలతోపాటు, కొన్నవాళ్లే నింపుకునే పుస్తకాన్నీ అమ్ముకున్న ఆ ముందుచూపు మన రచయితల్లో ఎవరికీ లేకపోయింది.

ఇంత నిష్ఠగా ఆమ్లాన్ని వెలివేసినవాళ్లు కాగితంతో ఎలా ఆగుతారు? పేజీలోకి వచ్చే సంగతులకూ అదే పరీక్ష పెట్టారు. మణికొండలో తెలిసినవారి ఇంట్లో ఆ పని దగ్గరుండి చూసే భాగ్యం కలిగింది. కోడలు బల్ల నిండా కత్తెరలు, లేసులు పరిచి గృహప్రవేశం పేజీ తయారుచేస్తోంది. అత్తగారు పక్కన కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తూ తొంగిచూశారు.

"ఏమ్మా, ఈ ఫొటోలో మీ చినమామయ్య ఉండాలి కదా, ఏడీ?"

"కత్తిరించాను అత్తయ్యా. ఆయనది నారింజ చొక్కా. పేజీ లేత ఊదారంగు."

"పాపం, ఆ రోజు పాలు పొంగించడానికి స్టవ్ మోసుకొచ్చింది ఆయనే."

"స్టవ్ కూడా కత్తిరించాను అత్తయ్యా."

మామయ్య ఉన్నచోట ఇప్పుడు ఎండిన పువ్వొకటి ఉంది. దాని కింద బంగారు సిరాతో 'ఆనంద క్షణాలు' అని రాశారు. ఆ క్షణాల్లోనే లిఫ్టు ఆగిపోయింది, వంటవాడు సాంబారు మరిచాడు, పెద్దాడపడుచు పట్టుచీర విషయంలో అలిగి భోజనం చేయకుండా వెళ్లింది. అవి ఆమ్ల పదార్థాలు, పేజీని తినేస్తాయి. బ్యాంకు వాయిదాల పట్టిక లేదు, నీళ్ల ట్యాంకరు చీటీ లేదు, 2020 అక్టోబరు వానలకు సెల్లార్లో మునిగిన కారూ లేదు. కారు కొన్న రోజు మాత్రం ఉంది, బానెట్ మీద పసుపు స్వస్తికంతో సహా. అది తరవాత ఏమైందో మునిమనవలు ఊహించుకోవాలి.

మన పెద్దవాళ్లకు ఈ శుద్ధి తెలియదు. ఉత్తరాలన్నిటినీ ఒక ఇనపతీగకు గుచ్చి వంటింటి గుమ్మం పక్కన వేలాడదీశారు. మరణవార్త తెచ్చిన ఉత్తరం ఒక్కటి చదివి చింపేసేవారు. మిగతావి, అప్పు తీర్చమని మర్యాదగా మొదలై మర్యాద తప్పి ముగిసేవాటితో సహా, తేదీల వరసన ఆ తీగమీదే ఉండేవి. వారపత్రికల్లో సీరియళ్లు వస్తే వారం వారం ఆ పేజీలు చింపి, దాచి, కథ ముగిశాక బైండు చేయించుకునేవారు. ఆ బైండుల్లో నాయిక కన్నీటి పక్క పేజీలో తలనూనె ప్రకటన ఉండేది. నాయకుడు తిరిగివచ్చే ఘట్టానికి వెనకవైపు గోంగూర నిల్వపచ్చడి సగం ఉండేది. మిగతా సగం వచ్చేవారం సంచికతోపాటు చిత్తు కాగితాల్లోకి పోయింది. ఆ ఇళ్లలో ఆవకాయకు తిరుగులేదు గాని గోంగూర ఎన్నడూ పూర్తిగా కుదరలేదు. పక్కింటివాళ్లు అడిగి తీసుకువెళ్లిన బైండు తిరిగి వచ్చిన దాఖలాలు తక్కువ. పాత తాళపత్ర లేఖకులు గ్రంథం చివర ఒక శ్లోకం రాసేవారు. నూనె నుంచి కాపాడు, నీటి నుంచి కాపాడు, వదులైన కట్టు నుంచి కాపాడు, మూర్ఖుడి చేతికి ఇవ్వకు అని పుస్తకమే మొరపెట్టుకుంటుంది. పక్కింటివాళ్ల పేరు అందులో చేర్చకపోవడం పూర్వుల పెద్దమనసు.

అన్నిటిలోకీ ఘాటైన ఆమ్లం మాత్రం చదివింపుల పుస్తకానిది. చిక్కుళ్లు ఒలవడం ముగించాక అత్తగారు ట్రంకుపెట్టె తీసి తమ పెళ్లినాటి పుస్తకం చూపించారు. మామూలు లాంగ్ నోటుబుక్కు, అట్ట ఊడింది, అంచులు తాకితే పొడి రాలుతోంది. మొదటి పేజీలో పసుపు బొట్టు, శ్రీరామ. ఆ కింద వాళ్ల నాన్నగారి గుండ్రటి చేతిరాత. ఎవరు 116 చదివించారు, ఎవరు స్టీలు బిందె పెట్టారు, ఎవరు 'వట్టి చేతులతో, నలుగురు పిల్లలతో' వచ్చారు, అన్నీ వరసగా ఉన్నాయి. ఒక గోడగడియారం ఎదుట 'నడవదు' అని రాసుంది. మరో పేరు పక్కన 'వీరి అమ్మాయికి మనం 51 పెట్టాం' అని, దానికింద ఎర్రసిరాతో రెండు గీతలు. చినమామయ్య తండ్రి పేరు దగ్గర అంకె ఏమీ లేదు. 'వంటపాత్రలు మోయించినది, పందిరి వేయించినది, రాత్రంతా మేలుకున్నది' అని మాత్రం ఉంది. ఆ పేజీ అంచుకు లేసు లేదు, పూస లేదు. కోడలు మాత్రం తన కత్తెర పక్కన పెట్టి చాలాసేపు చదివింది. చివరికి, "దీన్ని టీలో ముంచారా అత్తయ్యా, రంగు భలే కుదిరింది" అంది.

ఈ దుస్థితి మారాలంటే కొన్ని ప్రమాణాలు కావాలి. స్క్రాప్‌బుక్కులో ప్రతి పది పేజీలకూ ఒక ఆమ్లపు పేజీ తప్పనిసరి చేయాలి. అందులో ఆ ఏటి ట్రాఫిక్ చలానా ఒకటి, సొసైటీ సమావేశంలో జరిగిన గొడవ సంక్షిప్తంగా, ఫొటో తీసే సమయానికి అలిగి ఉన్నవారి పేర్లు ఉండాలి. నారింజ చొక్కాలవాళ్లను కత్తిరించే ముందు ఇంట్లో పెద్దల అనుమతి తీసుకోవాలి. కుట్టు ఈజిప్టుదైనా, జపానుదైనా అభ్యంతరం లేదు.

ఇవి అమలయ్యేదాకా మా ఇంట్లోనూ నడుస్తున్న పద్ధతే పాటిస్తున్నాం. వచ్చే నెల మనవరాలి అన్నప్రాశన. పేజీ ఇప్పటికే సిద్ధమైంది, ఫొటోలకు నాలుగు చోట్లు వదిలాం. బంధుమిత్రులు లేత పిస్తారంగు దుస్తుల్లో ఉదయం పది గంటలలోపు వచ్చి ఆనందించవలసిందిగా మనవి. ఆలస్యమైతే పేజీలో చోటుండదు. చదివింపులు రాయడానికి గుమ్మం దగ్గర మా బావమరిది కూర్చుంటాడు. అతనికి మాత్రం మామూలు లాంగ్ నోటుబుక్కే కొనిచ్చాం, ఎర్రసిరా కలంతో సహా.