ఇది బిల్లు కాదు

అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో దిగిన రెండో వారంలోనే మనవరాలు వేలు కోసుకుంది. ఆపిల్ పండు, కొత్త చాకు, ఎనిమిదేళ్ల ఆత్మవిశ్వాసం. ఆసుపత్రి అత్యవసర విభాగానికి పరుగెత్తాం, మూడు గంటలు కూర్చున్నాం, నాలుగు కుట్లు వేయించుకుని వచ్చాం. గాయం పది రోజుల్లో మానింది. ఆ తరవాత కవర్లు రావడం మొదలైంది.

మొదటి కవరు బీమా కంపెనీది. లోపల నాలుగు పేజీల నిండా అంకెలు. ఆసుపత్రి అడిగినది ఇంత, మేము తగ్గించినది ఇంత, మేము చెల్లించినది ఇంత, మీరు ఇవ్వవలసి రావచ్చునన్నది ఇంత. మేము చెల్లించినది అన్న చోట సున్నా ఉంది. వీటన్నిటికీ పైన, శుభలేఖ మీద 'శ్రీరస్తు శుభమస్తు' వేసినట్టు, లావుపాటి అక్షరాలతో ఒక వాక్యం: ఇది బిల్లు కాదు.

"మరి ఏమిటి బాబూ ఇది?" అని అల్లుణ్ని అడిగాను.

"ప్రయోజనాల వివరణ అంటారు మామయ్యగారూ. పట్టించుకోకండి."

"ప్రయోజనం ఎవరికి?"

అతను పదిహేనేళ్లుగా ఇక్కడ ఉంటున్నాడు. జవాబు చెప్పలేదు.

తగ్గింపు సంగతి మాత్రం నాకు వెంటనే బోధపడింది. ఆషాఢం రాగానే చీరల కొట్టువాడు వెయ్యి రూపాయల చీరకు మూడు వేల చీటీ కట్టి, అందులో సగం తగ్గించి, మనకేదో ఉపకారం చేసినట్టు నవ్వుతాడు. ఇక్కడ ఆ పనికి ఆషాఢం దాకా ఆగనక్కరలేదు. చీర నచ్చకపోతే లేచి పక్క కొట్టుకు పోతాం. చేతిలోంచి రక్తం కారుతున్న పిల్లను ఎత్తుకుని ఎన్ని కొట్లు తిరుగుతాం?

ఈ దేశంవాళ్లు దేవుణ్ని నమ్ముతామని నాణేల మీద అచ్చు వేసుకున్నారు గాని, అక్కడ ఉండవలసినది 'ఇది బిల్లు కాదు' అన్న వాక్యమే. వాళ్ల రాజకీయమంతా ఇందులో ఇమిడిపోతుంది. 2010 మార్చి 23న ఒబామా ఆరోగ్య బీమా చట్టం మీద సంతకం చేశారు. దాన్ని రద్దు చేసి అంతకన్నా మంచిది తెస్తామని రిపబ్లికన్లు ఆ రోజు నుంచే శపథం పట్టారు. రద్దు కోసం ప్రతినిధుల సభలో యాభైకి పైగా సార్లు ఓట్లు వేశారు. తీరా 2017లో రెండు సభలూ, అధ్యక్ష పదవీ చేతికి వచ్చాక, జూలై 28 తెల్లవారుజామున సెనేట్‌లో వాళ్ల మనిషే జాన్ మెకెయిన్ బొటనవేలు కిందికి చూపించి 51-49తో ఆ ప్రయత్నాన్ని పడుకోబెట్టారు. (మెడికేర్‌లో ప్రభుత్వం వేలు పెట్టవద్దని 2009లో దక్షిణ కరొలైనాలో ఒక పెద్దమనిషి తన కాంగ్రెస్ సభ్యుణ్ని హెచ్చరించాడు. మెడికేర్ అంటే ముసలివాళ్లకు ప్రభుత్వమే నడిపే బీమా. అమెరికా ఆరోగ్య చరిత్రలో వేళ్ల పాత్ర గురించి ఎవరైనా పరిశోధన చేయాలి.)

మరి ఆ మంచి బిల్లు ఏదీ? 2020 జూలైలో ట్రంప్‌గారు రెండు వారాల్లో సంతకం చేస్తామన్నారు. 2024 సెప్టెంబరు 10న కమలా హారిస్‌తో చర్చలో అదే ప్రశ్న వేస్తే, తన దగ్గర ప్రణాళిక తాలూకు ఆలోచనలు ఉన్నాయన్నారు. ప్రణాళిక కాదు, దాని తాలూకు ఆలోచనలు! భోజనానికి పిలిచి, విస్తళ్లు పరిచి, వంట తాలూకు ఆలోచనలు వడ్డించారు. 2025 అక్టోబరు నుంచి బీమా రాయితీల గొడవ మీద ప్రభుత్వమే 43 రోజులు మూతపడింది. తలుపులు తెరిచేటప్పటికి చేతికి వచ్చినది రాయితీల బిల్లు కాదు, ఆ బిల్లు మీద తరవాత ఓటింగు పెడతామన్న మాట.

డెమొక్రాట్లేమీ ముత్యాలు కారు. మీ పాత బీమా నచ్చితే అట్టే పెట్టుకోవచ్చని ఒబామాగారు ఊరూరా చెప్పారు. 2013లో లక్షలమంది ఇళ్లకు రద్దు ఉత్తరాలు వెళ్లాయి. అదే ఏడు తెరిచిన ప్రభుత్వ వెబ్‌సైటులో తొలిరోజు బీమా నమోదు చేసుకోగలిగినవాళ్లు ఆరుగురు. ఆరు వేలు కాదు, ఆరుగురు.

అయినా నా మనసు దోచుకున్నది బ్రకోలీ.

2012 మార్చిలో సుప్రీంకోర్టు ముందున్న ప్రశ్న: ప్రతివాడూ బీమా కొనుక్కోవాలని చట్టం శాసించవచ్చా? నిజానికి ఆ ఆలోచన 1989లో హెరిటేజ్ ఫౌండేషన్ అనే మితవాద సంస్థ ముందుకు తెచ్చినదే. 2006లో మసాచుసెట్స్‌లో అమలు చేసినది రిపబ్లికన్ గవర్నరు మిట్ రామ్నీయే. పిల్లవాడు ఒబామా ఒడిలోకి చేరగానే పోలికలు మారిపోయాయి. సరే, కోర్టులో జస్టిస్ స్కాలియా లేవనెత్తిన పాయింటు ఇది: ఎప్పుడో ఒకప్పుడు అందరూ తిండి కొనవలసినవాళ్లే కదా, అయితే రేపు బ్రకోలీ కొనమని కూడా శాసించవచ్చునన్నమాట!

ఆ దృశ్యం ఊహించుకోండి. నల్లగౌన్లలో తొమ్మిదిమంది. ఎదుట గంటల లెక్కన ఫీజు పుచ్చుకునే వకీళ్లు. మధ్యలో, మన రైతు బజారులో కాలీఫ్లవర్ పక్కన దిక్కులేనట్టు పడి ఉండే ఒక పచ్చటి కూర. మహాదేశపు రాజ్యాంగం దాని చుట్టూ ప్రదక్షిణ చేస్తోంది. బ్రకోలీ అందక స్పృహ తప్పినవాణ్ని అంబులెన్సులో తెచ్చారని నేను ఇంతవరకు వినలేదు. దాని ధర తిన్న నాలుగు నెలలకు కవరులో రాదు. మీ కుటుంబంలో బ్రకోలీ చరిత్ర ఉంది గనక మీకు అమ్మం అని ఏ కూరగాయలవాడూ అనడు. ఇది బ్రకోలీ కాదు అని సంచీ మీద రాయడు.

జూన్ 28న తీర్పు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ లెక్కలో, వాణిజ్యాన్ని నియంత్రించే అధికారంతో ఎవరి చేతా ఏదీ కొనిపించకూడదు. కనుక బ్రకోలీ గెలిచింది. బీమా కొననివాడి మీద వేసే జరిమానాను పన్నుగా వసూలు చేసుకోవచ్చు. కనుక చట్టమూ గెలిచింది. అదే తీర్పులో ఇంకొక చట్టం కోసం అది పన్ను కాదని కూడా రాశారు. పన్ను కాదు, పన్నే. 2017 డిసెంబరులో కాంగ్రెసు ఆ పన్నును సున్నా చేసింది. సున్నా డాలర్ల పన్ను పన్నే కాదు గనక మొత్తం చట్టం కొట్టేయమని టెక్సస్ తదితర రాష్ట్రాలు దావా వేశాయి. సున్నా డాలర్లతో మీకు జరిగిన నష్టమేమిటని 2021లో కోర్టు వాళ్లను ఇంటికి పంపించింది.

అల్లుడి బీమా అతని ఉద్యోగానికి ముడిపడి ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జీతాలు పెంచకుండా ప్రభుత్వం కట్టడి పెడితే, కంపెనీలు జీతం బదులు బీమా ఎర వేశాయి. యుద్ధం ముగిసింది, కట్టడి పోయింది, ముడి మిగిలింది. తద్దినం నాడు అడ్డొస్తోందని పిల్లిని బుట్ట కింద పెడితే, తరవాతి తరంవాళ్లు తద్దినానికి ముందు పిల్లిని వెతికి తెచ్చుకున్నారట! ఉద్యోగం పోతే ఒక చట్టం ఆదుకుంటుంది. కంపెనీ వాటా కూడా మీరే కట్టి, పైన రెండు శాతం సమర్పించుకుంటే పాత బీమా కొనసాగుతుంది, జీతం ఆగిన నెల నుంచి. ఆ చట్టాన్ని కోబ్రా అంటారు. ఆ పేరు పెట్టిన గుమస్తా ఎవరో గాని, ఈ మొత్తం వ్యవహారంలో నిజాయితీపరుడు అతనొక్కడే.

ఇంతవరకు నవ్వుకున్నాను. ఇక్కడ నవ్వు రాదు. 2009 ఆగస్టులో, అంతకు ముందు ఏడు రిపబ్లికన్ల తరఫున ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన సారా పేలిన్ ఫేస్‌బుక్‌లో ఒక మాట రాశారు: ముసలివాళ్లు బతకాలో వద్దో తేల్చే మరణ మండళ్లు వస్తున్నాయట. ఒబామా చట్టం ముసాయిదాలో ఉన్నదేమిటి? చివరి రోజుల్లో ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో పెద్దవాళ్లు తమంతట తాము డాక్టరుతో మాట్లాడదలిస్తే, ఆ డాక్టరుకు మెడికేర్ ఫీజు ఇస్తుందని. అంతే.

మా ఆవిడ చివరి నెలలో విశాఖపట్నంలో ఒక కుర్ర డాక్టరు స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. అరగంట. ఏం చేయగలమో, ఏం చేయలేమో ఆమెకే చెప్పాడు, ఆమెనే అడిగాడు. ఇంటికి తీసుకుపొమ్మంది. ఆ అరగంట లేకపోతే ఆమె గొట్టాల మధ్య, మా ముఖాలు కనపడని గదిలో పోయేది. ఆ అరగంటను పట్టుకుని హత్య అన్నారు, సిగ్గులేని మనుషులు! నాలుగు ఓట్ల కోసం ఒక దేశంలోని ముసలివాళ్లందరినీ డాక్టర్లంటే హడలిపోయేలా చేశారు. ఆ క్లాజు చట్టంలోకి రాలేదు. 2016 జనవరి నుంచి మెడికేర్ ఆ ఫీజును చడీచప్పుడు లేకుండా ఇవ్వడం మొదలుపెట్టింది. మధ్యలో పోయినవాళ్ల అరగంటలు ఎవరు తిరిగి ఇస్తారు? డాక్టరు రాసిన పరీక్షకు అనుమతి ఇవ్వాలో వద్దో రోగి ముఖం చూడకుండా తేల్చే బల్లలు బీమా కంపెనీల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. వాటికి ఎవరూ ఆ పేరు పెట్టలేదేం?

మొన్న ఇంకొక కవరు వచ్చింది. వేలి మీద మచ్చ కూడా మాసిపోయింది, మనవరాలికి ఏ వేలో గుర్తు లేదు. ఈసారి ఇది బిల్లే. మొదటి ఉత్తరంలోని అంకెకూ దీనికీ పొంతన లేదు. అల్లుడు ఫోను పట్టుకుని నలభై నిమిషాలు సంగీతం విన్నాక ఒకావిడ పలికింది. పరిశీలించి రెండు వారాల్లో చెబుతామంది.

నా విమానం పది రోజుల్లో.