హబ్షీలు దక్కన్‌లో లేరా?

బెంగళూరులో ఏ తెలుగు గ్రూపు తెరిచినా ఇదే మెసేజ్. మారతహళ్లి వాళ్లు పంపారు, వైట్‌ఫీల్డ్ వాళ్లు పంపారు, నిన్న మా బావగారు కూడా "తప్పక చదవండి" అని పంపారు. సంగతి ఇదీ: రాజుల కాలం నాటి సాహస కామెడీ సినిమాల్లో నల్లజాతి సేనాపతులను (ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీలను), కత్తి పట్టిన ఆడ కాపలాదారులను, రాయల సైన్యంలో ముస్లింలను చూపిస్తున్నారట. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు హాలీవుడ్‌ను చూసి చరిత్రను చెడగొడుతున్నారట. వాళ్లెవరూ ఇక్కడ లేనే లేరట. నేను గౌరవించే మనుషులే దీన్ని పంపుతుంటే ఊరుకోబుద్ధి కాలేదు.

ఆడ కాపలాదారుల మాట ముందు తేల్చేద్దాం. అచ్యుతరాయల కాలంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్, రాజమందిరంలో కుస్తీ పట్టే ఆడవాళ్లు, ఖర్చుల లెక్కలు రాసే ఆడవాళ్లు, రాత్రిళ్లు కాపలా కాసే ఆడవాళ్లు ఉన్నారని రాసి పెట్టాడు. దీని మీద ఇంకా వాదించేదేముంది?

రాయల సైన్యంలో ముస్లింలా? రెండో దేవరాయలు ముస్లిం విలుకాళ్లను కొలువులో పెట్టుకున్నాడు. అతని సేవలో ఉన్న అహ్మద్ ఖాన్ 1439లో కట్టించిన మసీదు హంపిలో ఇప్పటికీ ఉంది. వీకెండ్ వస్తే కార్లేసుకుని హంపి వెళ్లేది మనమే కదా, ఈసారి అది కూడా చూసి రండి.

నాకు మంట పుట్టించింది మాత్రం మూడో పాయింటు. "నల్లవాళ్లు ఈ నేలతో సంబంధం లేని జాతి" అని రాశారు.

మాలిక్ అంబర్ ఇథియోపియాలో పుట్టాడు. బానిసగా చేతులు మారుతూ దక్కన్ చేరాడు. అతన్ని కొన్న అహ్మద్‌నగర్ పీష్వా, అంటే ప్రధానమంత్రి, కూడా హబ్షీయే. 1600 తర్వాత అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపించి, 1626లో చనిపోయేదాకా మొఘలులకు కంటి మీద కునుకు లేకుండా చేసింది ఈ అంబరే. యుద్ధంలో అతని తల తేలేకపోయిన జహంగీర్ ఏం చేశాడో తెలుసా? ఈటె మీద గుచ్చిన అంబర్ తలకు తాను బాణం వేస్తున్నట్టు బొమ్మ గీయించుకున్నాడు. చక్రవర్తి భూగోళం మీద నిలబడి, విల్లు ఎక్కుపెట్టి ఉంటాడు. సాహస కామెడీ తీసేవాడికి ఇంతకంటే మంచి సీను ఎవరు రాసిస్తారు?

కొంకణ తీరంలోని జంజీరా కోటను సిద్దీలు, అంటే ఈ ఆఫ్రికన్ల సంతతివాళ్లే, తరతరాలు ఏలారు. హైదరాబాద్‌లో మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ ఉంది కదా, నిజాం ఆఫ్రికన్ అశ్వదళం ఉన్న చోటు అది. ఆ వీధుల్లో తిరిగినవాళ్లు కూడా ఈ మెసేజ్ ఫార్వర్డ్ చేస్తున్నారు!

ఇదంతా పాత కథ అనుకుంటే పొరపాటు. ఉత్తర కన్నడ జిల్లాలో యల్లాపుర, హళియాళ వైపు సిద్దీలు ఇప్పటికీ ఉన్నారు. 2003లో వాళ్లను షెడ్యూల్డ్ తెగల్లో చేర్చారు. మా ఆఫీసులో అటువైపు సిద్దీ కుర్రాడొకడు ఉన్నాడు. కన్నడం, కొంకణి ఇంటి భాషలు. అద్దె ఇంటికి వెళ్తే ఓనరు ముందుగా పాస్‌పోర్టు అడిగాడట. ఆధార్ కార్డు చేతిలో పెడితే దాన్ని తిరగేసి, బోర్లేసి, వెలుతురుకు పట్టి చూసి, "ఇది ఎక్కడ చేయించావు?" అన్నాడట. ఇల్లు ఇవ్వలేదు. మీరు పంపే మెసేజ్ ఆ ఓనరుకు ఇంకాస్త ధైర్యం ఇస్తుంది. సినిమా ఆడకపోతే నష్టం నిర్మాతది, ఇది ఆ కుర్రాడి బతుకు.

చివర్లో ఒక్క మాట మాత్రం నిజం రాశారు: ఇలాంటి పాత్రలకు కథలో పనేమీ ఉండదని. ఒప్పుకుంటాను, పూర్తిగా. విలన్ వెనక ఈటె పట్టుకుని నిలబడే ఒక హబ్షీ, అతనికి పేరుండదు, డైలాగు ఉండదు, హీరో పక్కనున్న కమెడియన్ అతని రంగు మీద జోకు వేస్తాడు. అలా చూపించేకంటే చూపించకపోవడమే నయం. కన్నడ నాటకాల్లో ఆరితేరిన సిద్దీ నటులు ఉన్నారు. వాళ్లను పిలవండి, అంబర్ పాత్రే ఇవ్వండి, నవ్వించే డైలాగులు కూడా వాళ్లకే రాయండి.