600 గ్రిట్ కళ్ళజోడు

ఫోనుని బారెడు దూరంలో పట్టుకుని ఒక్క వేలితో రాస్తున్నాను కాబట్టి అచ్చుతప్పులుంటే మీరే సర్దుకోండి. ఎందుకు బారెడు దూరమో చెప్పడానికే ఇదంతా.

నాకు రాళ్ళకి సానపట్టే పిచ్చి ఉంది. ఇంట్లో ఒక చిన్న మెషిన్, దానికి ఆరంగుళాల డైమండ్ చక్రాలు, గ్రిట్ (అంటే గరుకు కొలత, అంకె పెరిగేకొద్దీ నునుపు) వరసగా 80, 220, 600, 1200, 3000. వాటిలో 600 ది బోడి అయిపోయింది. అగేట్ అనే గట్టి రాయి ముక్క పెడితే అరగడం మానేసి, గుండు మీద చెయ్యి జారినట్టు జారుతోంది. ఈ రకం చక్రాల మీద వజ్రపు రేణువులు ఒక్క వరసే ఉంటాయి, నికెల్ పూతతో అతికించి. ఆ వరస పోతే మిగిలేది వట్టి చక్రం. కొత్తది కొనుక్కోవచ్చుగా అంది మా ఆవిడ. కొనుక్కోవచ్చు. కానీ అప్పటికే నేను ఒక వీడియో చూసేశాను.

అందులో ఒకాయన రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు కలిపి, చక్రానికి పల్చగా రాసి, పైన వజ్రపు పొడి చల్లి, "చూశారా, ఎంత సులువో!" అని తేల్చేశాడు. మొత్తం నాలుగు నిమిషాలు. పొడి ఎంత చల్లాలో చెప్పేచోటే వెనకాల మద్దెల మోగించాడు. మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను, మూడుసార్లూ మద్దెలే. మధ్యలో ఒకచోట ఆయన చొక్కా రంగు మారిపోయింది. అంటే ఎపాక్సీ ఆరడానికి రోజంతా పట్టిందన్నమాట. నేనేమో చొక్కా బాగుందే అనుకుని ముందుకెళ్ళిపోయాను.

సరే, అయిదు క్యారట్ల పొడి తెప్పించాను. (క్యారట్లు అనగానే మా ఆవిడ కళ్ళు మెరిశాయి. అయిదు క్యారట్లంటే ఒక్క గ్రాము, అదీ బూడిద రంగు పిండి అని చూపించాక ఆ మెరుపూ పోయింది.) పాత పూత గీకడం, చక్రం కడగడం, ఆరబెట్టడం అన్నీ ఆదివారం పొద్దున్నే అయిపోయాయి.

ఎపాక్సీ రాశాను. పొడి పొట్లం విప్పి చల్లుతున్నాను, సగం చక్రం మీద, సగం నా చొక్కా మీద. అప్పుడు గుర్తొచ్చింది, ఈ ఎపాక్సీ అయిదు నిమిషాల్లో గట్టిపడేదా, అరగంట ఆగేదా? ట్యూబు తిప్పి చూశాను. ఆ అక్షరాలు అచ్చేసినవాడు మనుషుల కోసం అచ్చేసినట్టు లేడు, చీమలు చదువుకోవాలనే ఉద్దేశం కనపడుతోంది. దానికితోడు కళ్ళజోడు మీద కాస్త దుమ్ము. తీసి, చొక్కా అంచుతో తుడిచాను.

తుడిచి పెట్టుకుంటే కొంచెం మసక. చెమటేమో అనుకుని మళ్ళీ తీసి, "హా" అని నోటి ఆవిరి పట్టించి, ఈసారి గట్టిగా తుడిచాను. ఇంకా మసక. ఇలా ఆరేడుసార్లు. రాళ్ళు సానపట్టేటప్పుడు తడి ఆరకూడదు, ఒత్తిడి ఒకేలా ఉండాలి, రాయిని ఒకేచోట ఆపకుండా గుండ్రంగా తిప్పుతుండాలి, అంచులు వదిలేయకూడదు. ఇన్నేళ్ళ అనుభవంలో ఇవన్నీ ఒకేసారి పాటించింది నేను ఆ రోజే. పైగా చత్వారపు అద్దం మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటుంది, అచ్చం నేను చేసే రాళ్ళలాగే, చేతికి అలవాటైన వంపు. గట్టిదనం కొలిచే మోస్ పట్టికలో వజ్రం 10, అగేట్ దాదాపు 7. ప్లాస్టిక్ కళ్ళద్దం ఎక్కడో అడుగున గోరుకి పక్కింట్లో ఉంటుంది. అగేట్‌తో గంటలు పట్టే పని దీంతో నిమిషంన్నరలో అయిపోయింది.

నాకేమో గుండె జారిపోయింది. "ఇలా రా! నాకు కళ్ళు పోతున్నాయి!" అని అరిచాను.

ఆవిడ పరుగెత్తుకొచ్చి నన్నూ చొక్కానీ ఎగాదిగా చూసి, "ఓసారి ఆ జోడు తీసి చూడండి" అంది.

తీశాను. గోడ గడియారం, కిటికీ, ఆవిడ పెదాల మీద ఆపుకుంటున్న నవ్వు, అన్నీ శుభ్రంగా కనపడ్డాయి. ఆవిడ జోడుని వెలుతురుకి పెట్టి, "బాత్రూమ్ కిటికీ అద్దంలా ఉందేంటండీ?" అంది. నేనూ చూశాను. ఒక్క లోతు గీత లేదు, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే రకం గరుకు, 600 దాటిన రాయి ఎలా ఉండాలో అలా. ఇంక 1200, 3000 పడితే మెరిసిపోతుందని నోరుజారాను. చక్రానికి పడాల్సిన కోటింగ్ నాకు పడింది, అదీ పల్చగా కాదు.

ఈలోపు ఎపాక్సీ ఏ రకమో ట్యూబు చదవకుండానే తెలిసిపోయింది. బ్రష్ చక్రానికి అతుక్కుని జెండా కర్రలా నిటారుగా నిలబడింది.

మర్నాడు బ్రష్ కోసేసి, చక్రం బిగించి అగేట్ ఆనించాను. టక్, టక్, టక్, ఆ తర్వాత పాము కుబుసంలా పూత మొత్తం ఊడి గోడకి కొట్టుకుంది. జిడ్డు పూర్తిగా పోకపోతే ఎపాక్సీ పట్టదట. వీడియోలో చెప్పే ఉంటాడు, మద్దెల వెనకాల.

కళ్ళజోళ్ళ షాపు అబ్బాయి అద్దాలు అటూ ఇటూ తిప్పి, "దేంతో తుడిచారు సార్?" అన్నాడు. వజ్రాలతో అన్నాను. నవ్వలేదు. మేమిచ్చే గుడ్డతోనే తుడవాలని క్లాసు పీకి, కొత్త అద్దాలకి వారం పడుతుందన్నాడు. వారమెందుకో నాకర్థం కాలేదు, వాళ్ళ చక్రాలేమీ బోడి అవ్వలేదు కదా.

ఉండండి, వెనకవైపు వాషింగ్ మెషిన్ గిర్రున తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది. ఆదివారం నాటి చొక్కా నేను ఎక్కడ విప్పి పడేశానబ్బా?