తలుపు వెనక మేకుకు వేలాడే గుడ్డ సంచికి

చిరంజీవి గుడ్డ సంచికి దీవించి రాయునది. ఉభయకుశలోపరి.

నువ్వు మా ఇంటికొచ్చి రెండేళ్లయింది. ఇంకా కొత్త బట్ట వాసన పోలేదు. అంత జాగ్రత్తగా చూసుకుంటున్నాను నిన్ను.

పర్యావరణ దినోత్సవం సభలో శాలువాతో పాటు నిన్నూ నా చేతిలో పెట్టారు. (శాలువా మాత్రం ప్లాస్టిక్ కవర్లోనే ఉంది, అది వేరే సంగతి.) ఆ రోజు 'ముందు మనం లోపల మారాలి' అని ఇరవై నిమిషాలు దంచాను. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్పూన్లు, స్ట్రాలు నిషేధమనీ, ఆ ఏడాది ఆఖరు నుంచి క్యారీ బ్యాగు మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదనీ లెక్కలతో సహా చెప్పాను. చప్పట్లు బాగానే పడ్డాయి. పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని పెద్దలు మూడే చెప్పారు గానీ, జూన్ 5 వైరాగ్యం నాలుగోది. రైతుబజారు గేటు దాకా కూడా నిలవదు.

అక్కడ నా వైభవం నీకు తెలీదు, నువ్వెప్పుడూ రాలేదుగా. పచ్చిమిర్చికి ఒక కవరు, కొత్తిమీరకి ఒకటి, నాలుగు నిమ్మకాయలకి ఇంకోటి, ఇవన్నీ వేసుకోడానికి ఒక పెద్దది. మునక్కాడ కొస తగిలితే చిరిగిపోయే ఆ నల్ల కవరు ఎన్ని మైక్రాన్లో నేనడగను. మొన్న మాత్రం ఉండబట్టలేక కూరగాయలామెకు క్లాసు పీకాను: "ఇవి నిషేధం కదమ్మా, ఎందుకిస్తారు?"

ఆమె తూకం మీంచి కళ్లెత్తలేదు. "మీరు సంచి తెస్తే నేనెందుకిస్తా సార్? ఈ కట్ట నా డబ్బుల్తోనే కొంటున్నా" అంది.

టమాటాలకి ఇంకో కవరు అడిగి తీసుకుని వచ్చేశాను.

మా నాన్నగారి సైకిల్ హ్యాండిల్‌కి పాత ప్యాంటు కాలితో కుట్టించిన సంచి ఉండేది. ఆయనకి మైక్రాన్లు తెలీవు. సంచి లేకుండా బయల్దేరితే, చొక్కా వేసుకోడం మర్చిపోయినట్టు వీధి మలుపు నుంచి వెనక్కొచ్చేవారు. నాకు సెల్‌ఫోన్ మర్చిపోతే అలా ఉంటుంది. లిఫ్టు పాడైనా సరే, దానికోసం నాలుగంతస్తులూ మళ్లీ ఎక్కుతాను. నీకోసం ఎక్కిన రోజు ఒక్కటీ లేదు.

ఇంతకీ శుభవార్త. ఫ్రిజ్ పక్కన కవర్లన్నీ కుక్కిపెట్టిన పెద్ద కవరు నిన్న చిరిగిపోయింది. ఇంట్లో అందరం ఆలోచించి, ఇకమీదట వాటిని దాచే ఉద్యోగం నీకే ఇద్దామని తీర్మానించాం. సాయంత్రం మేకు మీంచి దించుతాను, సిద్ధంగా ఉండు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి, ఆనాటి ప్రధాన వక్త